యంత్రం వచ్చాక మిగిలిన పని



"మీకేమమ్మా, మీట నొక్కితే పచ్చడి నూరుతుంది, మీట నొక్కితే బట్టలు ఉతుకుతుంది. మా రోజుల్లో అయితేనా!" అనే మాట మీ ఇంట్లోనూ వినపడుతూనే వుంటుంది కదూ? పెద్దవాళ్ళు అన్నారని మనం నవ్వి వూరుకుంటాం. కాని లోపల ఒక సందేహం మాత్రం అలాగే వుండిపోతుంది. ఇన్ని మీటలు నొక్కుతున్నా రాత్రి పదింటికి వంటింట్లో దీపం ఆర్పే మనిషి మనమే ఎందుకయ్యాం? యంత్రం తీసేసిన పని ఏమిటి, మిగిల్చిన పని ఏమిటి, ఆ మిగిలిన పని ఎవరి వంతుకు వచ్చింది? ఈ వేళ ఆ సందేహాన్నే పట్టుకుని కాస్త దూరం వెళ్ళివద్దాం. పిల్లలను చదువులకూ ఉద్యోగాలకూ అమెరికా పంపిన తల్లులు మీలో చాలామంది వుంటారు గనక ఆ దేశం దాకా వెళదాం. బయలుదేరేది మాత్రం మా ఆత్మకూరు నుంచే.

మన పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఆత్మకూర్లు ఒకటి కాదు. నల్లగొండ వైపున్న వాటికి బస్సు బోర్డు మీద 'ఎం' అనో 'ఎస్' అనో గుర్తు పెట్టి రాస్తారు. నేను చెప్పేది కృష్ణ ఒడ్డున జూరాల ప్రాజెక్టుకు దగ్గరగా వున్న ఆత్మకూరు. ఇప్పుడది వనపర్తి జిల్లాలోకి వచ్చింది. నిజాం కాలంలో అమరచింత సంస్థానానికి రాజుగారి నివాసం ఈ వూరే. ఇంగ్లీషువాళ్ళు నూరేళ్ళ పైచిలుకు కిందట అచ్చువేసిన గెజిటీరులో ఈ చిన్న సంస్థానం గురించి రాస్తూ మస్లిన్ బట్టకు పేరుబడిందన్నారు. ఆత్మకూరులో, అమరచింతలో మేలురకం జరీ ధోవతులు, తలపాగాలు నేస్తారని కూడా రాశారు. ఏరు దాటితే గద్వాల. గద్వాల చీర సంగతి మీకు నేను చెప్పాలా! ఒడలంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదనే మూడు నాడెలతో కలిపి నేస్తారు.

నేత అనగానే మన కళ్ళముందు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మగమనిషి కనపడతాడు. సినిమాల్లోనూ క్యాలెండర్లలోనూ అంతే. కాని ఆ మనిషి మగ్గం మీద కూర్చోవాలంటే ముందు జరగవలసిన పని ఎంత వుందో చూడండి. చిలపలు విప్పి తోడాలి. రాట్నం మీద కండెలు చుట్టాలి. పడుగు సాగదీసి గంజి పెట్టాలి. తెగిన పోగులు అతకాలి. ఒక్క మగ్గం ఆడాలంటే వెనక ఇద్దరు ముగ్గురి చేతులు ఆడాలి. ఆ చేతులు ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళవి. కూలి మాత్రం చీరకు ఇంత అని లెక్క. అందులో కండెలు చుట్టిన కోడలి వంతు ఎంత అని విడిగా ఎవరూ లెక్క కట్టరు. 2019-20లో దేశమంతటా జరిగిన చేనేత గణనలో ఈ వృత్తిలో వున్నవాళ్ళలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే అని తేలింది. నేతగాడి బొమ్మ వేసేవాళ్ళు ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకుంటే బాగుండును.

ఇంతకూ యంత్రం మొదట వచ్చిపడింది ఈ ఆడవాళ్ళ పని మీదనే. 1733లో ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన నాడెను చేత్తో విసిరే అవసరం లేకుండా తాడు గుంజితే అటూ ఇటూ పరుగెత్తే ఏర్పాటు కనిపెట్టాడు. దాంతో నేతగాడి చేతికి వేగం వచ్చింది. వేగం రాగానే నూలు చాలలేదు. ఒక మగ్గానికి సరిపడా నూలు వడకాలంటే ఎన్నో రాట్నాలు తిరగాలి మరి. ఆ అవసరంలోంచి 1764 ప్రాంతంలో హార్‌గ్రీవ్స్ అనే నేతగాడు ఒకే చక్రానికి ఎనిమిది కదుళ్ళు తిరిగే యంత్రం తయారుచేశాడు. చుట్టుపక్కల నూలు వడికి బతికేవాళ్ళు మండిపడి ఆయన ఇంటి మీద పడి యంత్రాలు విరగ్గొట్టారు. వాళ్ళ కోపం తెలివితక్కువదని చరిత్ర పుస్తకాల్లో రాస్తారు గాని, నాకు మాత్రం అలా అనిపించదు. ఎనిమిది రాట్నాల పని ఒకరు చేస్తే మిగిలిన ఏడుగురు ఏం తిని బతకాలని వాళ్ళు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు ఈనాటికీ పూర్తిగా దొరకలేదు.

జవాబు దొరకని ఆ ఏడుగురిలో మనవాళ్ళూ వున్నారు. 1820ల నుంచి ఇంగ్లండు మిల్లు నూలు ఓడల్లో మన దేశానికి దిగడం మొదలుపెట్టింది. నేతగాడు కొంతకాలం తట్టుకున్నాడు. మిల్లు నూలు చవకగా దొరికింది గనక దాన్నే కొనుక్కుని నేశాడు. ముందు కూలిపోయింది నేత కాదు, వడకడం. ఇంట్లో కూర్చుని రాట్నం తిప్పి నాలుగు డబ్బులు చూసుకునే స్త్రీలు, ముఖ్యంగా మగదిక్కులేని వాళ్ళు, చడీచప్పుడూ లేకుండా ఆ ఆదాయం పోగొట్టుకున్నారు. గాంధీగారు రాట్నం చేతపట్టినప్పుడు దేశమంతా దాన్ని స్వరాజ్యానికి గుర్తుగా చూసింది. నిజమే. కాని దానివెనక ఈ పోయిన కూలి కథ కూడా వుంది. మిల్లు పోటీకి తట్టుకుని నిలిచింది మిల్లు చేయలేని నేతే. గద్వాల అంచు కలపడంలాంటి పనితనం మిల్లుకు చేతకాలేదు గనకనే మా వైపు మగ్గాలు బతికాయి.

ఇక ఆ మిల్లులకు పత్తి ఎక్కడిది? ఇక్కడే అమెరికా వస్తుంది. అమెరికా దక్షిణ ప్రాంతాల్లో పండే పత్తికి గింజ గట్టిగా పట్టుకుని వుండేది. చేత్తో గింజ తీస్తే ఒక మనిషికి రోజంతా పనిచేసినా సుమారు ఒక పౌను పత్తి అయ్యేది. పౌను అంటే అరకిలోకు కాస్త తక్కువ. 1793లో ఎలీ విట్నీ అనే కుర్రవాడు చేసిన గింజలు తీసే యంత్రంతో రోజుకు 50 పౌన్లు తీయవచ్చునన్నారు. పని తగ్గింది కదా, పొలంలో చాకిరీ చేసే నల్లజాతి బానిసలకు విముక్తి వచ్చివుంటుందని మనం అనుకుంటాం. జరిగింది సరిగ్గా దానికి తలకిందులు. గింజ తీయడం సులువయ్యేసరికి పత్తి వేయడం లాభసాటి అయింది. కొత్త భూములు దున్నారు. దున్నడానికీ ఏరడానికీ ఇంకా మనుషులను కొన్నారు. 1790లో ఆ దేశంలో సుమారు 7 లక్షల మంది బానిసలుంటే 1860 నాటికి వాళ్ళ సంఖ్య దాదాపు 40 లక్షలు. పని తగ్గించే యంత్రం అని పేరే గాని ఎవరి పని, ఎవరి లాభం అనేది వేరే లెక్క.

ఆ పత్తి వెళ్ళింది ఇంగ్లండుకే కాదు. అమెరికా ఉత్తర ప్రాంతంలో, మాసచూసెట్స్ రాష్ట్రంలో, ఏటి ఒడ్డున లోవెల్ అనే వూరిని 1820లలో మిల్లుల కోసమే కట్టారు. నీటి బలంతో మరలు తిరిగేవి. మగ్గాల దగ్గర నిలబడినవాళ్ళు ఎవరనుకున్నారు? చుట్టుపక్కల పల్లెల్లో రైతుల ఇళ్ళ ఆడపిల్లలు. పదిహేనేళ్ళ పిల్లల నుంచి ముప్పయ్యేళ్ళ వాళ్ళ దాకా. అంతకుముందు ఆ పిల్లలు అమ్మ పక్కన కూర్చుని ఇంట్లోనే నూలు వడికి, బట్ట నేసేవాళ్ళు. పెళ్ళికాని ఆడమనిషిని ఇంగ్లీషులో 'స్పిన్‌స్టర్' అంటారు చూశారా, ఆ మాటకు అసలు అర్థం నూలు వడికే మనిషి అని! ఇంటి పని మిల్లులోకి వెళ్ళిపోయేసరికి పిల్లలూ పని వెంట వెళ్ళారు.

వాళ్ళ సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మన అమ్మాయిలు హాస్టళ్ళలో వుండి ఉద్యోగాలు చేస్తున్న ఈ రోజుల్లో ఆ కథ చాలా దగ్గరగా అనిపిస్తుంది. కంపెనీవాళ్ళే వసతి గృహాలు కట్టారు. ఒక పెద్దావిడ అజమాయిషీ. పొద్దున్నే గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి, గంట కొడితే మిల్లుకు పోవాలి. రోజుకు 12, 13 గంటల పని. దూదిపీచుతో నిండిన గాలి, మాట వినపడనంత హోరు. ఇంత కష్టంలోనూ వాళ్ళకు దొరికినదొకటుంది. తమ పేరు మీద తమ చేతికి వచ్చే జీతం. దాంతో తమ్ముళ్ళను చదివించిన వాళ్ళున్నారు, ఇంటి అప్పు తీర్చిన వాళ్ళున్నారు, పుస్తకాలు కొనుక్కున్న వాళ్ళున్నారు. ఆ మిల్లు పిల్లలే కథలూ పద్యాలూ వ్యాసాలూ రాసి 1840 నుంచి 1845 దాకా 'లోవెల్ ఆఫరింగ్' అని ఒక పత్రిక నడిపారు. పదమూడు గంటలు మగ్గం దగ్గర నిలబడి వచ్చి, దీపం దగ్గర కూర్చుని రాశారన్నమాట.

1834లో జీతాలు కోస్తామనేసరికి వాళ్ళు పని మానుకుని బయటికి వచ్చారు. 1836లో వసతి ఖర్చు పెంచినప్పుడు మళ్ళీ. సారా బ్యాగ్లీ అనే ఆవిడ ముందు నిలబడి రోజుకు పది గంటల పని చాలని 1845లో చట్టసభకు మహజర్లు పెట్టించింది. ఆనాటి ఆడవాళ్ళకు ఓటు లేదు సుమండీ! అయినా సభా సంఘం ముందు నిలబడి మాట్లాడారు. చట్టం అప్పుడు రాలేదు. ఆ రాష్ట్రంలో స్త్రీలకూ పిల్లలకూ పది గంటల చట్టం వచ్చేసరికి 1874. సారా బ్యాగ్లీ మాత్రం మిల్లు విడిచిపెట్టి, అప్పుడే కొత్తగా వచ్చిన టెలిగ్రాఫ్ కచేరీలో 1846లో ఉద్యోగంలో చేరింది. ఆ పని చేసిన మొదటి స్త్రీలలో ఆవిడ ఒకరు. ఒక యంత్రం దగ్గర విసిగిన మనిషికి ఇంకో యంత్రం దారి చూపింది.

తరువాత వచ్చింది మనకు బాగా పరిచయమైన కుట్టుమిషను. ఎలియాస్ హోవె 1846లో హక్కు రాయించుకున్నాడు. సింగర్ 1851లో దాన్ని బాగుచేసి, తరువాత వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టాడు. మగవాళ్ళ చొక్కా ఒకటి చేత్తో కుడితే 14 గంటలకు పైగా పట్టేది. మిషను మీద గంటా పావుకు అయిపోయింది. ఇంట్లో కుట్టుకునేవాళ్ళకు అది వరమే. కూలికి కుట్టేవాళ్ళకు మాత్రం చొక్కాకు ఇచ్చే డబ్బు తగ్గి, రోజుకు కుట్టవలసిన చొక్కాలు పెరిగాయి. తరువాత బట్టల ఫ్యాక్టరీలు వచ్చాయి. 1911 మార్చి 25న న్యూయార్కులో ట్రయాంగిల్ అనే రవికల ఫ్యాక్టరీకి నిప్పంటుకుని 146 మంది చనిపోయారు. చాలామంది పరదేశాల నుంచి వలస వచ్చిన పడుచుపిల్లలు. బయటికి వెళ్ళే తలుపు ఒకటి తాళం వేసి వుంది. ఆ తరువాతనే అక్కడ నిప్పు ప్రమాదాల గురించి, పనిచేసే చోటి భద్రత గురించి గట్టి చట్టాలు వచ్చాయి.

సరే, ఫ్యాక్టరీ సంగతి అలా వుంచి ఇంట్లోకి వద్దాం. 1882లో ఎడిసన్ న్యూయార్కులో కరెంటు సరఫరా మొదలుపెట్టాడు. తరువాతి యాభై ఏళ్ళలో అమెరికా పట్టణాల్లో ఇంటింటికీ దీపం వచ్చింది, ఇస్త్రీపెట్టె వచ్చింది, బట్టలుతికే మిషను వచ్చింది. పల్లెలకు మాత్రం రాలేదు. 1930ల మధ్యలో కూడా అక్కడ పదింట తొమ్మిది రైతు ఇళ్ళలో కిరసనాయిలు దీపమే. కంపెనీలకు లాభం లేదని తీగ లాగలేదు. 1936లో ప్రభుత్వం చట్టం చేసి, రైతు సహకార సంఘాలకు అప్పులిచ్చి తీగలు వేయించింది. అమెరికా అనగానే పుట్టుకతోనే ధగధగలాడే దేశం అనుకుంటాం గాని, మన తాతల నాటికి అక్కడి పల్లెటూరి ఇల్లాలూ బావిలో నీళ్ళు తోడి కట్టెల పొయ్యి మీద కాచినదే.

మరి ఇన్ని వచ్చాక అక్కడి ఇల్లాలి పని ఎంత తగ్గింది? ఇదీ అసలు ప్రశ్న. జోయాన్ వానెక్ అనే పరిశోధకురాలు 1974లో ఈ లెక్క చూపించింది. ఉద్యోగం చేయని అమెరికా గృహిణి 1924లో వారానికి సుమారు 52 గంటలు ఇంటిపని చేసేది. మిషన్లన్నీ వచ్చేసిన 1960లలో ఎంతనుకున్నారు? 55 గంటలు! తగ్గలేదు సరికదా పెరిగింది. ఇదెలా అని రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి ఆలోచించి 1983లో ఒక పుస్తకమే రాసింది. దాని పేరుకు అర్థం 'అమ్మకు మరింత పని' అని. ఆవిడ చెప్పిన కారణాలు వింటే మీకు నవ్వూ వస్తుంది, వొళ్ళూ మండుతుంది.

కట్టెల పొయ్యి వున్నప్పుడు కట్టెలు కొట్టడం మగవాడి పని. పిండి మరకు గింజలు మోసుకుపోవడం మగవాడి పని. ఇనుప పొయ్యీ, బొగ్గూ, తరువాత గ్యాసూ వచ్చేసరికి కట్టెలు కొట్టే పని పోయింది. తెల్లని గోధుమపిండి అంగట్లో దొరికేసరికి మర మోత పోయింది. పోయినవన్నీ మగవాళ్ళ పనులూ పిల్లల పనులూ! వండడం మాత్రం ఎక్కడికీ పోలేదు. పైగా మునుపు ఒక కుండలో జావ కాచి పెడితే సరిపోయేది, తెల్లపిండి వచ్చాక రొట్టె కావాలి, కేకు కావాలి. బట్టలుతికే మిషను మరీ విచిత్రం. అంతకుముందు కాస్త కలిగినవాళ్ళు మాత్రమే కాదు, సామాన్యులు కూడా బట్టలు చాకలి దుకాణానికి వేసేవాళ్ళు. మిషను ఇంట్లోకి రాగానే ఆ పని బయటినుంచి మళ్ళీ ఇల్లాలి చేతికే వచ్చింది. మిషను వుంది కదా అని వారం తొడిగే చొక్కా రెండు రోజులకే విప్పడం మొదలైంది.

ఇప్పుడు మన వంటింట్లోకి చూడండి. మన మిక్సీకి ఒక ముచ్చటైన చరిత్ర వుంది. 1960ల మొదట్లో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో జర్మనీ మిక్సీ వుండేది. మన పప్పు, మన పచ్చడి, మన ఎండు దినుసులు నూరేసరికి దాని మోటారు కాలిపోయింది. అది వాళ్ళ పళ్ళరసాలకు చేసినది మరి. భార్య మాధురిగారి ఇబ్బంది చూసి ఆయన మన వంటకు తట్టుకునే మోటారుతో 1963లో చేసిన మిక్సీయే సుమీత్. రోలు దగ్గర వంగి నూరిన నడుములన్నీ ఆయనకు రుణపడి వున్నాయి. అందులో సందేహం లేదు. కాని మిక్సీ వచ్చాక మన ఇళ్ళలో ఏం జరిగింది? మునుపు మా పాలమూరు ఇళ్ళలో పొద్దున జొన్నరొట్టె, రాత్రి మిగిలిన పప్పు, అంతే. ఇడ్లీ, దోసె పండగనాడు. ఇప్పుడు ఆరు రోజులకు ఆరు రకాల టిఫిను, రెండు రకాల చట్నీ. 'మిక్సీ వుంది కదా, ఎంతసేపు?' అంటారు. అనేవాళ్ళు జారు కడగరు లెండి!

ఇది నా ఇంటి మాట, మీ ఇంటి మాట మాత్రమే కాదు. మన దేశంలో ప్రభుత్వం 2019లో రోజులో ఎవరు ఏ పనికి ఎంత కాలం వెచ్చిస్తారో సర్వే చేయించింది. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు అప్పట్లో దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించేవారని తేలింది, అంటే దాదాపు ఐదు గంటలు. ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు రోజులో ఏదో ఒక ఇంటిపని ముట్టుకునే మగవాళ్ళే అప్పుడు నూటికి 26 మంది.

అయితే మన దగ్గర యంత్రం కథకు ఇంకో పార్శ్వం వుంది, అది అమెరికా పుస్తకంలో దొరకదు. గిర్ని సంగతి తీసుకోండి. పిండి గిర్ని రాకముందు మా వైపు తెల్లవారుజామున విసుర్రాయి చప్పుడుతోనే వూరు లేచేది. ఇంటిల్లిపాదికీ రొట్టెలకు జొన్నలు విసరాలంటే గంటా గంటన్నర. మా అవ్వ అరచేతులు చివరిదాకా కాయలు కాచే వుండేవి. గిర్ని వచ్చిననాడు ఆ తరం ఆడవాళ్ళు ఎంత సంబరపడ్డారో నేను చెప్పలేను. ఎవరైనా ఆ పాత రోజులే మంచివని, విసుర్రాయి పాటలు ఎంత బాగుండేవో అని అంటే నేను మొహమాటం లేకుండా వాదిస్తాను. పాటలు బాగున్నాయి. పాట పాడకపోతే ఆ పని సాగేది కాదు గనక పాడారు. ఇంతవరకూ బాగానే వుంది. కాని బియ్యం మిల్లు వచ్చినప్పుడు ఇంకొకటి జరిగింది. సొంత ఇంటికి దంచుకునే వాళ్ళకు కష్టం తప్పింది, నిజం. ఇతరుల ఇళ్ళలో కూలికి వడ్లు దంచి, నూకలో తవుడో తెచ్చుకుని పిల్లలకు పెట్టుకునే స్త్రీలకు కష్టంతోపాటు కూడూ తప్పింది. ఒకే యంత్రం ఒక ఆడదానికి విశ్రాంతి ఇచ్చింది, పక్కింటి ఆడదాన్ని కూలి వెతుక్కుంటూ పొలానికో పట్నానికో పంపింది.

ఇప్పుడు మళ్ళీ మగ్గం దగ్గరికి, ఈసారి నల్లగొండ వైపు వెళదాం. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వూళ్ళ చీరలు మీ బీరువాలో ఒకటైనా వుండకపోదు. ఆ చీర మీద పువ్వూ పక్షీ మగ్గం మీద పుట్టవు, అద్దకంలోనూ పుట్టవు. నేయకముందే దారానికే రంగు వేస్తారు. ఏ దారంలో ఏ అంగుళం ఎరుపు కావాలో, ఏ అంగుళం తెలుపు వుండాలో ముందే లెక్కవేసి, రంగు అంటకూడని చోట రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. దీన్ని చిటికి కట్టడం అంటారు. ఆ దారాలు మగ్గం మీద వరుసగా పడినప్పుడు పువ్వు తేలుతుంది. అలా కట్టాలంటే ముందు పేక దారాన్ని లెక్కప్రకారం పరచాలి. దానికే ఆసు అని పేరు.

ఆసు అంటే అర్ధచంద్రాకారంలో మేకులు దిగేసిన చట్రం. ఒక కొసన ఒక మేకు, ఎదుట విల్లులాగా వరుసగా మేకులు. దారం పట్టుకుని ఈ మేకు నుంచి ఆ మేకుకు, చుట్టి మళ్ళీ వెనక్కు, తరువాత పక్క మేకుకు. మధ్య దూరం సుమారు ఒక మీటరు. ఒక చీరకు చెయ్యి ఇలా సుమారు 9,000 సార్లు పోయి రావాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే ఆ చెయ్యి 25 కిలోమీటర్ల దూరం తిరిగినట్టని లెక్క కట్టారు. ఒక్కసారి ఊహించండి, ఇక్కడ కూర్చున్నచోటే కూర్చుని భుజం ఒక్కటే 25 కిలోమీటర్లు నడవడం! ఆ పని చేసేది ఇంచుమించుగా ఆడవాళ్ళే. కొన్నేళ్ళకు భుజం పడిపోతుంది, మోచేయి ఎత్తలేరు, తలదువ్వుకోవడమే కష్టమవుతుంది. భుజం పోయిందంటే చీర ఆగిపోయినట్టే, ఇంట్లో పొయ్యీ ఆగిపోయినట్టే.

జాన్ కే కాలం నుంచి మగ్గానికి ఎన్ని మార్పులు వచ్చాయో చెప్పుకున్నాం. రెండువందల అరవై ఏళ్ళు! ఈ ఆసు వైపు మాత్రం ఏ ఇంజనీరూ చూడలేదు. చూసినవాడు ఆలేరు దగ్గర శారాజీపేట వాసి చింతకింది మల్లేశం. ఆరో తరగతితో చదువు మాని మగ్గం పట్టిన మనిషి. తల్లి లక్ష్మిగారు భుజం నొప్పితో పడే బాధ చిన్ననాటి నుంచి చూశాడు. 1992 నుంచి యంత్రం కోసం ప్రయత్నించాడు. చెయ్యి ముందుకూ వెనక్కూ పోవడం, పక్క మేకుకు జరగడం ఎలాగో సాధించాడు గాని, దారం మేకును చుట్టుకుని రావడం కుదరలేదు. డబ్బు అయిపోయింది. వూళ్ళో పిచ్చి పట్టిందన్నారు. హైదరాబాదు వచ్చి కూలిపని చేస్తూ, మిగిలిన డబ్బుతో ఒక్కొక్క భాగమే తయారుచేయించాడు. 1999లో బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఏదో యంత్రం కదిలే తీరు చూసేసరికి చిక్కుముడి విడిపోయింది. యంత్రానికి తల్లి పేరు పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. రోజుకు రెండు చీరలకు బదులు ఆరు చీరల ఆసు పోయవచ్చు. ఇప్పుడది వందల ఇళ్ళలో తిరుగుతోంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన పేరుతోనే సినిమా వచ్చింది. చూడనివాళ్ళు చూడండి.

ఈ యంత్రం గురించి నాకు నచ్చిన సంగతి వేరే వుంది. ఇది మగ్గాన్ని తోసేయలేదు. చిటికి కట్టే చేతులు అలాగే వున్నాయి, నేసే మనిషి అలాగే వున్నాడు. విసుగూ నొప్పీ తప్ప పనితనం లేని భాగాన్ని మాత్రమే తీసుకుంది. భుజం పోయి ఆసు మానుకున్న ఆడవాళ్ళు మీట నొక్కి మళ్ళీ పనిలో కూర్చోగలిగారు. మరమగ్గం చేసింది ఇది కాదు. అది నేతగాడినీ, అతని వెనక వున్న ఇద్దరు ముగ్గురినీ కలిపి లేపేస్తుంది. అందుకే 1985లో పార్లమెంటు చేనేతకు కొన్ని రకాలు ప్రత్యేకించి చట్టం చేసింది. మొదట 22 రకాలు, తరువాత వాటిని 11కు తగ్గించారు. చట్టం వున్నా పోచంపల్లి పువ్వును మిల్లు గుడ్డ మీద అచ్చుగుద్ది పోచంపల్లి అనే పేరుతోనే అమ్మేవాళ్ళున్నారు. 2005లో ఈ పేరుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది గనక అలా అమ్మడం నేరం కూడా. కాని అంగడికి పోలీసు రాడు కదా. అక్కడ వుండేది మీరూ, దుకాణదారూ.

కాబట్టి కొనేటప్పుడు ఏం చూడాలో చెబుతాను, రాసుకోండి. చీర మడత విప్పి వెనక వైపు తిప్పండి. దారానికే రంగు వేసినది గనక అసలు పోచంపల్లికి ముందూ వెనకా పువ్వు ఒకే నిండుగా వుంటుంది. అచ్చుగుద్దినదైతే వెనక వెలవెలబోతుంది. పువ్వు అంచులు చూడండి. అసలు దానిలో గీత గీసినట్టు వుండదు, రంగు కొద్దిగా జారి, ఈకలా చెదిరినట్టు వుంటుంది. అది లోపం కాదు, అదే గుర్తు. వీలైతే చీర కొసన ఒక పోగు లాగి చూడండి, ఒకే పోగులో రెండు మూడు రంగులు కనపడితే చిటికి కట్టినదే. చేనేత గుర్తు చీటీ వుందా అని అడగండి. గద్వాల చీరైతే అంచూ ఒడలూ కలిసేచోట వేలుతో తడమండి. కుట్టినట్టు దారం తగిలితే వేరే చెప్పక్కరలేదు.

ధర మరీ ఎక్కువ చెబుతున్నాడని బేరం మొదలుపెట్టే ముందు, దుకాణదారును ఒక్క మాట అడిగి చూడండి. ఆసు ఎవరు పోశారు, కండెలు ఎవరు చుట్టారు, వాళ్ళకు విడిగా ఎంత ముట్టింది అని. సంఘం దుకాణాల్లో కొందరు చెప్పగలరు. చాలామంది, 'ఇంట్లోవాళ్ళే చేసుకుంటారండీ' అంటారు.